ఎర్రమన్ను వస్తే రాడ్లు పీకు

మా జిల్లాకు సముద్రం లేదని ఎవరన్నా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సముద్రం లేకపోతేనేం, ఉత్తరం పొడుగునా గోదావరి ఉంది, దానికొక ఒడ్డుంది. ఆ ఒడ్డు మామూలు ఒడ్డు కాదు. రెంజల్ దిక్కు పోయి చూడండి. నిప్పులోంచి పుట్టిన నల్లరాయి మెట్లు మెట్లుగా నీళ్లలోకి దిగుతుంది. మనిషన్నవాడు పుట్టకముందు ఎప్పుడో, పడమటి దిక్కున నేల పగిలి, కరిగిన రాయి బయటికి వచ్చింది. గంజి పొంగి పొయ్యి చుట్టూ పారినట్టు పారి పారి, మన బోధన్ దాకా వచ్చి ఆగింది. నిజామాబాద్ దాటి తూర్పుకు పోతే అంతా గుండ్లు, పరుపుబండలు, ఎర్ర చెల్క. ఇటు చూస్తే నల్లరేగడి, దాని కింద నల్లరాయి. ఒకే జిల్లాలో రెండు లోకాలు.

ఈ ముక్కలు నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఇంటికి దోస్తులొచ్చినా, చుట్టాలొచ్చినా ముందు చాయ్, తర్వాత గోదారి ఒడ్డు. "మళ్ల మొదలువెట్టిండు రాళ్ల జాతర" అనేది మా ఆవిడ. వచ్చినవాళ్లు గుడి చూపిస్తానేమో అనుకునేవారు, కోట చూపిస్తానేమో అనుకునేవారు. నేను రాళ్లు చూపించేవాణ్ణి.

బోర్లు వేసే ఆఫీసులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. ఊళ్లోకి పోయి బోరు ఎక్కడ వెయ్యాలో పాయింటు పెట్టడం, బండి వచ్చాక బోరు పక్కన నిలబడి పైకి వచ్చే పొడిని చేత్తో పట్టి చూసి, ఇంకా దిగాలా, ఆపాలా చెప్పడం. ఇంతే నా కొలువు. ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి "సార్, మీ సర్వీసుల ఏదన్న మంచి ముచ్చట చెప్పుండ్రి" అంటారు. నీళ్లు పడ్డ బోర్ల ముచ్చట్లు అందరూ చెప్తారు. దానికి నేనెందుకు? పడని బోరు ఒకటుంది, అది చెప్తాను. వినండి.

నేను పని నేర్చుకున్నది తూర్పు దిక్కున. ముప్కాల్, ఏర్గట్ల, ఆ పసుపు పండే ఊళ్లు. అక్కడ నాకు గురువులాంటి పెద్దాయన ఒకరుండేవారు. బడికి పోయిన మనిషి కాదు గానీ పొడి వాసన చూసి లోతు చెప్పేవాడు. ఆయన నాకు మొదటి నెలలోనే ఒక మాట నూరి పోశాడు. "పిలగా, పైన ఎర్రమన్ను వస్తే భయం లేదు. లోతుల ఎర్రమన్ను వచ్చిందనుకో, గడియ సేపు నిలవడకు. రాడ్లు పీకు. లేకుంటే హామరు గంగమ్మకు ముడుపు వోయినట్టే."

హామరంటే రాడ్ల చివర ఉండే సమ్మెట, దాని మూతికి బిగించిన బిట్టే రాయిని కొట్టేది. లోతులో బంకమన్ను తగిలితే చుట్టూ కూలి దాన్ని పట్టేస్తుంది. ఎంత లాగినా రాదు. ముప్కాల్ దగ్గర ఒకసారి అట్లా ఒక హామరు భూమిలోనే ఉండిపోయింది. మా గురువుకు సంజాయిషీలు రాయడానికే ఆరు నెలలు పట్టింది. అది చూసినవాణ్ణి కాబట్టి ఆయన మాట నాకు వేదం. తర్వాత బదిలీ మీద బోధన్ దిక్కుకు వచ్చాను. చోటు మారింది, రాయి మారింది, మాట మాత్రం మారలేదు. అక్కడే ఉంది తిరకాసు.

నేను చెప్పే బోరు రెంజల్ మండలంలో ఒక చిన్న వాడది. గోదావరికి రెండు కిలోమీటర్లు కూడా ఉండదు, కానీ మిట్ట మీద ఉంది. నలభై గడపలు. మగవాళ్లు చెరుకు కొట్టడానికి, ఇటుక బట్టీలకు పోతారు. ఆడవాళ్లు ఇంట్లో కూచుని బీడీలు చేస్తారు. అప్పటికి ఇంటింటికి నల్లాలు రాలేదు. తాగడానికి నీళ్లు ఒక ఆసామి మోటారు దగ్గరి నుంచి తెచ్చుకోవాలి. ఆయన మంచివాడే, కానీ కరెంటు ఆయన చేతిలో లేదు. బీడీలు చేసేవాళ్లకు నీళ్లు తాగడానికే కాదు, ఆకు నానబెట్టడానికి కూడా కావాలి. తడి లేని తునికాకు కత్తెర పెడితే పెళుసుగా విరిగిపోతుంది. అప్పటికే రెండు కుటుంబాలు బోధన్ శివారుకు పోయాయి. ఇంకో నాలుగు మూటలు కట్టుకుని చూస్తున్నాయి.

మా బండి పోయిన రోజు ఊరంతా వచ్చి నిలబడింది. ఒక నలభై ఏళ్ల ఆమె, అందరి తరఫునా మాట్లాడే మనిషి, బండికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది. మా అందరికీ చాయ్ పోసింది. ఆ చాయ్‌లో నీళ్లు ఎంత దూరం నుంచి వచ్చాయో నాకు అప్పుడు తట్టలేదు.

పొద్దున మొదలుపెట్టాం. నల్ల పొడి, నల్ల పొడి, ఇంకా నల్ల పొడి. రాయి మొండిది. మధ్యాహ్నం దాటాక రంగు మారింది. ఎర్రగా, తడిగా, ముద్దలు ముద్దలుగా మన్ను పైకి వచ్చింది. గాలి ఆడక ఉక్కిరిబిక్కిరైనట్టు బండి గొంతు మారింది. నేను చెయ్యెత్తాను. "పీకుండ్రి."

బండి నడిపేవాడు బోధన్ ముసల్మాను. నాకంటే ఐదారేళ్లు చిన్నే, అయినా ఆఫీసులో అందరికీ చాచా. తక్కువ మాటల మనిషి. ఆ రోజు మాత్రం నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అన్నాడు. "సాబ్, ఇంకొక్క రాడ్డు ఏసి సూద్దామా?"

"నువ్వు బండి చూస్కో చాచా, రాయి నేను చూస్త" అన్నాను.

ఆయన తిరిగి పోయి రాడ్లు పీకడం మొదలుపెట్టాడు. అప్పుడు ఆమె వచ్చింది. "సారూ, జరంత కిందికి పోరాదు? మన్ను తడిగనే ఉన్నది గద" అంది.

"రాయి సంగతి నీకెరుకనా, నాకెరుకనా?" అన్నాను.

ఈ రెండు మాటలూ నేను గట్టిగా అరిచి అన్నవి కావు. మామూలుగానే అన్నాను. అందుకే వాటిని మర్చిపోయాను కూడా. ఆఫీసుకు వచ్చి రిపోర్టు రాశాను: బోరు విఫలం, ఈ ఆవాసంలో భూగర్భ జలానికి అవకాశం లేదు. మా ఆఫీసులో 'అవకాశం లేదు' అని ఒకసారి పడితే ఆ ఊరి పేరు జాబితాలోంచి పోయినట్టే. మళ్లీ బండి పోదు. నాకది తెలుసు. తెలిసే రాశాను, ఎందుకంటే నాకు నమ్మకం. నమ్మకం ఉన్నవాడు చేసినంత నష్టం అనుమానం ఉన్నవాడు చేయలేడు.

రెండేళ్లు గడిచాయి. నాకు కొలువు ఇంకో ఏడాది ఉంది. ఉగాది పోయిన వారానికి నిజామాబాద్‌లో మా ఆఫీసాయన బిడ్డ పెళ్లి. దానికి నా పాత దోస్తులు ఇద్దరు వచ్చారు. ముగ్గురం ఒకే ఏడాది కొలువులో చేరినవాళ్లం. ఒకడు కరీంనగర్‌వాడు, వాడి నోరు మూతపడదు. ఇంకొకడు ఆదిలాబాద్‌లో పనిచేస్తున్నవాడు, నోరు తెరవడమే తక్కువ. పెళ్లి అయింది, వాళ్ల బస్సుకు ఇంకా ఒక రోజుంది. ఇంకేముంది, నా జాతర మొదలు.

నేను ఎప్పుడూ చలికాలంలో తీసుకుపోయేవాణ్ణి. ఎండల్లో పోవడం అదే మొదటిసారి. పొద్దున్నే కారు మాట్లాడుకుని, బోధన్‌లో ఇరానీ చాయ్ తాగి, మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ గొట్టం దాటి, రెంజల్ మీదుగా ఒడ్డుకు చేరేసరికి తొమ్మిది. నీళ్లు బాగా దిగిపోయాయి. చలికాలంలో మునిగి ఉండే రాయంతా బయటపడి, నల్లగా నిగనిగలాడుతోంది. అవతలి ఒడ్డున ఎవరో మరాఠీలో ఎడ్లను అదిలిస్తున్నారు.

"ఇదేంది బై, గోదారి చూపెడ్తనంటివి, బొగ్గుబావి చూపెట్టవడితివి" అన్నాడు కరీంనగర్‌వాడు.

"జర ఆగు, నీ సంగతి చెప్త" అని మొదలుపెట్టాను.

ముందు ఉల్లిగడ్డ రాయి. నల్లరాయి గుండు ఒకటి, పొర మీద పొరగా ఒలిచిపోయి అచ్చం ఉల్లిగడ్డలాగే ఉంటుంది. చేత్తో లాగితే పొర ఊడి వస్తుంది. కరీంనగర్‌వాడు ఒక పొర తీసి వాసన చూసి, "కళ్లల్ల నీళ్లొస్తలేవు, నకిలీది" అన్నాడు. తర్వాత చిల్లుల రాయి. కరిగిన రాయిలో గాలి బుడగలు చిక్కుకుని అట్లాగే గట్టిపడి పోయింది. ఆ చిల్లుల్లో తెల్లగా, ఎండ పడితే మెరిసే రవ్వలు. ఒక్కోటి సన్నజాజి మొగ్గంత ఉంటుంది. ఆదిలాబాద్‌వాడు మోకాళ్ల మీద కూచుని చాలాసేపు చూశాడు. అక్కడి నుంచి వరద సుడి తిరిగి రోళ్లలాగా తొలిచిన గుంతలు. ఒకదాంట్లో చేపపిల్లలు చిక్కుకున్నాయి. ఇంకొంచెం ముందుకు పోతే నీళ్లు దిగిపోయిన మైదానంలో గడ్డి మొలిచి, దూరంగా జింకల మంద. కొమ్ములు మెలితిరిగిన నల్ల మగజింక ఒకటి తలెత్తి మా వైపు చూసింది. కరీంనగర్‌వాడు ఆ ఒక్క నిమిషం నోరు మూసుకున్నాడు. నా జీవితంలో అది పెద్ద విజయమే అనుకున్నాను.

చివరిది, నేను అందరికీ దాచిపెట్టి చూపించేది, ఎర్ర చార. ఒడ్డు అక్కడ రెండు నిలువులెత్తు గోడలా ఉంటుంది. పైన నల్లరాయి, కింద నల్లరాయి, మధ్యలో జానెడు మందాన ఇటుక రంగు చార, గీత గీసినట్టు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా. దాని ముందు నిలబెట్టి అందరికీ ఫోటో తీసేవాణ్ణి. నేను రోజూ చెప్పే ముక్కలు చెప్పాను.

"ఒక మంట పారింది, చల్లారింది. దాని నెత్తి మీద వేల ఏండ్లు మన్ను పట్టింది, గడ్డి మొలిచింది. మళ్ల ఇంకో మంట వచ్చి ఆ మన్నును కాల్చి ఇటుక చేసింది. పైరాయి వేరు, కిందిరాయి వేరు. గిది రెండు మంటల నడుమ సంధి."

ఆదిలాబాద్‌వాడు నా మాట వింటున్నాడో లేదో తెలియదు. చార కింద వేలు పెట్టి చూస్తున్నాడు. వేలు తడిగా ఉంది. అప్పుడు చూశాను నేను. చార కింది రాయంతా చిల్లుల రాయి. ఆ చిల్లుల నుంచి చెమట పట్టినట్టు నీళ్లు. ఎండాకాలంలో, చుట్టూ నిప్పు కణికెల్లాంటి రాళ్ల మధ్య, ఆ చార కింద మాత్రం పచ్చగా నాచు. ఒకచోట పగులులో ఎవరో తునికాకు ఒకటి మడిచి దోపారు. ఆకు కొసన నీళ్లు చుక్కచుక్కగా జారి కింద పెట్టిన బిందెలో పడుతున్నాయి.

"మీ దిక్కు బోరుల ఎర్రమన్ను వస్తే ఏం చేస్తరు?" అని అడిగాడు ఆదిలాబాద్‌వాడు.

"ఏం చేస్తం, రాడ్లు పీకుతం" అన్నాను. కొంచెం గర్వంగానే అన్నాను, గురువు మాట కదా.

వాడు నా మొహం వైపు చూడలేదు. ఆకు వైపే చూస్తూ అన్నాడు. "మా దిక్కు గిదే రాయి గద. ఎర్రమన్ను కనవడ్డదంటే అప్పటిదాంక కూసున్నోళ్లు గుడ లేసి నిలవడ్తరు. దాని కిందనే ఉంటయని. అన్నిసార్లు ఉండయనుకో. కని సూడకుండ మాత్రం పీకం."

"హామరు పట్టేస్తది గద?"

"పెద్ద బిట్టుతోని మన్ను దాంక కొట్టి, ఇనుప గొట్టం దించి, గొట్టంలకెళ్లి చిన్న బిట్టు ఏస్తం. మన్ను కూలదు."

కరీంనగర్‌వాడు కూడా నవ్వలేదు. "ఆకలైతున్నది, తిందాం పా" అన్నాడు మెల్లగా.

నేను కదల్లేకపోయాను. బోధన్ దిక్కుకు వచ్చిన పదకొండేళ్లుగా ఈ గోడ ముందు నిలబడి 'కింద ఇంకో రాయి ఉంది' అని లోకమంతటికీ చెప్తున్నాను. అదే పదకొండేళ్లు బోరు దగ్గర ఎర్రమన్ను చూడగానే భూమి అక్కడికే అయిపోయినట్టు వెనక్కి తిరుగుతున్నాను. నా నోటికి తెలిసిన సంగతి నా చేతికి తెలియలేదు. దోస్తులకు రాళ్లు చూపించేవాడు ఒకడు, ఆఫీసులో రిపోర్టు రాసేవాడు ఇంకొకడు, ఇద్దరూ ఒకే చొక్కాలో ఉండి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

అప్పుడే పైనుంచి ఆడవాళ్లు దిగి వచ్చారు, నలుగురు, బిందెలతో. ముందున్నామె నన్ను చూసి ఆగింది. నేను గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. ఆమెకు పట్టలేదు.

"సారు గదా. మా ఊర్ల నీళ్లు లెవ్వని రాసిపోయినవు. గిక్కడేం సూడ వచ్చినవు సారూ?"

"దోస్తులకు... రాళ్లు చూపెడ్దామని."

"సూపెట్టు సారూ, మంచిగున్నయి రాళ్లు" అంది. వెటకారం లేదు ఆ మాటలో. వంగి నిండిన బిందె తీసి, ఖాళీది పెట్టి, ఆకు ఎండిందని కొంగు ముడిలోంచి ఇంకో ఆకు తీసి దోపింది. "ఒక్క బిందె నిండేటందుకు మేం కట్ట ఆకు కత్తిరిస్తం. గంతసేపు వడ్తది" అని పక్కనున్న రాయి మీద కూచుని నిజంగానే కత్తెర తీసింది. మిగతా ముగ్గురూ తమ వంతు కోసం కూచున్నారు.

మేం తెచ్చుకున్న పులిహోర ఆ రోజు కారులోనే ఉండిపోయింది. తినబుద్ధి కాలేదు.

దోస్తులను బస్సెక్కించి మర్నాడు బోధన్‌కు పోయాను. చాచా ఇల్లు పాత బజారులో ఉంది. నన్ను చూసి కంగారుపడి కుర్చీ తుడిచాడు. నేను సంగతి చెప్పి, "ఆనాడు ఇంకో రాడ్డు ఎందుకు వెయ్యమన్నవు చాచా? ఊకెనే అన్నవా?" అని అడిగాను.

"సాబ్, ఆనాడు ఆఖరు రాడ్డు దిగినప్పుడు హామరు దెబ్బ మారింది. గట్టి రాయి మీద కొడితే ఒక తీరు ఉంటది, బోలు రాయి మీద ఇంకో తీరు. చేతులకు తెలుస్తది. మన్ను దాటి జానెడు దిగినం సాబ్ మనం. పీకినంక హామరు మూతి సూసిన. పానీ థా సాబ్. తడి ఉండె."

"మరి చెప్పద్దా?"

"చెప్పిన గద సాబ్, ఒకసారి. మీరు బండి సూస్కో అన్నరు. రెండోసారి చెప్తే నౌకరీల ఉన్నోని మాట అనిపించుకోదు, లడాయి అనిపించుకుంటది." ఆయన గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ నొప్పి పెట్టింది. కోప్పడి ఉంటే నేనూ ఏదో ఒకటి అని తప్పించుకునేవాణ్ణి. చాచా భార్య షీర్ ఖుర్మా, అదే సేమ్యా పాయసం, తెచ్చి పెట్టింది. తీపి నోటికి తగల్లేదు.

ఆఫీసులో మా అధికారి నాకంటే పదిహేనేళ్లు చిన్న. మంచివాడు, నన్ను గౌరవించేవాడు. నేను రాసిన కాగితం రెండుసార్లు చదివాడు. 'ఆ ఆవాసంలో నీళ్లు లేవని నేను రాసింది తప్పు. బోరును నేను తొందరపడి ఆపాను' అని ఉంది అందులో.

"సార్, ఇంకో ఏడాదైతే ఇంటికి పోతరు. 'తప్పు' అని ఎందుకు రాస్తున్నరు? మళ్ల సర్వే చెయ్యాలె అని రాయుండ్రి, చాలు."

"అట్ల రాస్తే ఏమైతది?"

"వరుసల పెడ్తం. ఎప్పటికైనా వస్తది."

"అవకాశం లేదు అని ఉన్న ఊరు వరుసల ఎక్కడ ఉంటది సార్?"

ఆయన నా కాగితం మళ్లీ తిరగేశాడు. ఎక్కడ ఉంటుందో నాకు తెలుసు, అన్నిటికంటే అడుగున. పాత రిపోర్టు చెల్లదని రాసినవాడే రాస్తే తప్ప ఆ ఊరు పైకి రాదు. "మీ మీద మెమో వస్తది సార్" అన్నాడు చివరికి. "రానీ" అన్నాను. వచ్చింది. జవాబు రాశాను. నిజం చెప్పాలంటే ఆ రెండు నెలలు నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. ముప్పై ఏళ్ల సర్వీసులో మచ్చ లేదని చెప్పుకునేవాణ్ణి. చివరికి నా మచ్చ నేనే పెట్టుకుంటున్నానే అని బాధగా ఉండేది. ఆఫీసులో కొందరు నవ్వారు. "చేతులు కాలినంక ఆకులు పట్టుకుంటున్నడు" అన్నారు. కాలినవి నా చేతులైతే ఆ సామెత సరిపోయేది.

జూన్ మొదట్లో, వాన పడకముందే, బండి మళ్లీ ఆ వాడకు పోయింది. చాచాయే నడిపాడు. ఈసారి ఊరు బయటికి రాలేదు. కొబ్బరికాయ లేదు, కుంకుమ లేదు. మొదటిసారి ఆశపడి వచ్చినవాళ్లు రెండోసారి ఎందుకు వస్తారు? నాలుగిళ్లకు తాళాలున్నాయి. ఆమె ఒక్కతే వచ్చి, కాస్త దూరంలో గోడ నీడన చాట ముందు పెట్టుకుని బీడీలు చేస్తూ కూచుంది. చాయ్ కూడా అడగలేదు. నాకది న్యాయంగానే తోచింది.

పాత బోరుకు పది అడుగుల దూరంలో పాయింటు. పెద్ద బిట్టుతో మొదలుపెట్టాం. నల్ల పొడి. మధ్యాహ్నానికి ఎర్రమన్ను వచ్చింది, సరిగ్గా అదే లోతులో. చాచా బండి ఆపి నా వైపు చూశాడు. నా చెయ్యి అలవాటు కొద్దీ పైకి లేచింది. ముప్పై ఏళ్ల అలవాటు మరి. దాన్ని దించుకుని అన్నాను.

"చాచా, ఈడికెళ్లి రాయి నువ్వు సూడు. నేను సూడ."

ఆయన గొట్టం తెమ్మని కేకేశాడు. గొట్టం దించడానికి సాయంత్రం నాలుగైంది. చిన్న బిట్టు వేశాం. మన్ను దాటింది. బోలు రాయి తగిలింది. ఒక రాడ్డు దిగింది, తడి తప్ప ఏమీ లేదు. పొడి కూడా సరిగ్గా రావడం లేదు. రెండో రాడ్డు సగం దిగింది. ఆమె చేతిలో బీడీ సగం చుట్టి ఆగిపోయింది. చాచా మాత్రం చెవి బండి వైపు పెట్టి, కళ్లు మూసుకుని, లివరు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. అప్పుడు దెబ్బ చప్పుడు మళ్లీ మారింది. అది నాకు కూడా వినపడింది. బోరు మూతిలోంచి ముందు బురద, తర్వాత ఎర్రనీళ్లు, ఆ తర్వాత తెల్లగా నీళ్లు ఎగజిమ్మాయి.

ఊరు అప్పుడు వచ్చింది. ఎవరో అరిచారు, తలుపులు తెరుచుకున్నాయి, ముసలివాళ్లు కూడా పరుగెత్తారు. తడిసి ముద్దయినవాళ్లు ఒకరి మీద ఒకరు నీళ్లు చిమ్ముకున్నారు. చాచా మొహం తుడుచుకుని పక్కకు పోయి నమాజుకు నిలబడ్డాడు. నేను ఏడ్చాను. చెప్పడానికి సిగ్గేమీ లేదు.

ఆమె మాత్రం పరుగెత్తలేదు. చాట పక్కన పెట్టి, నెమ్మదిగా వచ్చి, నీళ్లలో చెయ్యి పెట్టి చూసింది. నన్ను మెచ్చుకుంటుందేమో అని నాలో ఒక మూల ఆశ ఉంది, అబద్ధం ఎందుకు. ఆమె నీళ్ల వైపే చూస్తూ అడిగింది.

"సారూ, గిట్ల ఎర్రమన్ను సూసి వాపసు వోయిన ఊర్లు ఇంకెన్ని ఉన్నయి?"

ఆ లెక్క నా పాత డైరీల్లో ఉంది. ఇంటికి పోయి అట్ట పెట్టెలో ఉన్నవన్నీ దించి చూశాను. బోధన్ దిక్కున పదకొండేళ్లలో ఏడు ఊళ్లు తేలాయి. ఏడూ నా దస్తూరీయే. మిగిలిన కొలువంతా వాటి వెనకే తిరిగాను. ఏడు కాగితాల మీద 'నాది తప్పు' అని రాశాను. మొదటిది రాయడమే కష్టం, తర్వాత చెయ్యి అలవాటు పడుతుంది. నాలుగు చోట్ల నీళ్లు పడ్డాయి. రెండు చోట్ల ఎంత దిగినా పడలేదు. ఆ రెండు ఊళ్లవాళ్లు మాత్రం నన్ను తిట్టలేదు, అది నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఏడోది అడవి అంచున పన్నెండు ఇళ్ల గూడెం. మేం పోయేసరికి పన్నెండింటికీ తాళాలు. ఎప్పుడో పోయారని ఒక గొర్రెలాయన చెప్పాడు. నేను డైరీ తీసి చూసుకున్నాను. నేను రాడ్లు పీకి తొమ్మిదేళ్లు. వెనక్కి పోదామని నోటిదాకా వచ్చింది. చాచా అప్పటికే బోరుకు బండి సర్దుతున్నాడు. ఆ ఊరి బోరులో పడినన్ని నీళ్లు ఇంకెక్కడా పడలేదు. మనుషులు లేని చోట చేతిపంపు ఎవరికని మా అధికారి అడిగాడు. ఆయన ముందు కూచుని లేవకుండా సతాయించి బిగింపించాను. పంపు బిగించిన రోజు గొర్రెలు తాగాయి. వారం తిరక్కుండానే నా కొలువు అయిపోయింది.

నాలుగేళ్లైంది. పోయిన ఎండాకాలం స్కూటరు మీద అటు పోయాను. ఎందుకు పోయానంటే చెప్పలేను. పోకుండా ఉండలేక పోయాను. గూడెంలో ఐదిళ్లకు తలుపులు తెరిచి ఉన్నాయి. ఒక ఇంటికి కొత్త రేకులు. పంపు దగ్గర ఆడవాళ్లు బిందెలు వరుసగా పెట్టుకుని మాట్లాడుకుంటున్నారు. దాహమై, సీసా చేత పట్టుకుని నేరుగా పంపు దగ్గరికి పోయాను. కొంగు నడుముకు చుట్టుకున్న ఒక నడివయసామె పంపు కొట్టడం ఆపి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఓ పెద్దమనిషీ, యాడికెళ్లి వచ్చినవు? గిది మా ఊరి బోరు. నీళ్లు గావాలంటే వరుసల నిలవడు."

నేనెవరినో చెప్పాలంటే రెండు సంగతులూ చెప్పాలి. ఈ నీళ్లు పడేలా చేసిందీ నేనే, పన్నెండేళ్ల కింద మిమ్మల్ని ఈ ఊరి నుంచి వెళ్లగొట్టిందీ నేనే. ఒకటి చెప్పి ఒకటి దాస్తే అది మళ్లీ పాత రిపోర్టే అవుతుంది. రెండూ చెప్పే ధైర్యం ఆ ఎండలో నాకు లేకపోయింది.

"సరే బిడ్డా" అని పోయి చివరి బిందె వెనక నిలబడ్డాను. నా ముందు ఏడెనిమిది బిందెలున్నాయి. ఒక్కటి కూడా తగ్గకుండా, అన్నీ నిండాకే నా వంతు రావాలనిపించింది.